బొమ్మ చూసి బేరం

తెనాలి బోసు రోడ్డులో సీడీ ప్లేయర్ కొనడానికి వచ్చినవాడు ధర అడగడానికి ముందు చేతిసంచిలోంచి తన సీడీ బయటికి తీసేవాడు. షాపువాడు వేసి చూపించే డిస్కు మీద ఎవరికీ నమ్మకం ఉండేది కాదు. అది ఒక్క గీత లేని కొత్త డిస్కు. అందులో సముద్రం, కొండలు, పూలతోటలు ఉంటాయి. ఏ ప్లేయర్లో వేసినా కళ్లు చెదిరేలానే ఉంటుంది. కొల్లిపర నుంచో అమృతలూరు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి తెచ్చుకున్న సీడీ అప్పటికే ఊళ్లో పది గడపలు తొక్కి ఉండేది. దాన్ని ఆగకుండా ఆడించిందే ప్లేయరు. ఆ పరీక్ష నెగ్గాక టీవీకి బాగా దగ్గరగా జరిగి, పాటలో పొగ వచ్చేచోట, వాన పడేచోట, జనం గుంపుగా పరిగెత్తేచోట బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతోందా అని చూసేవాడు. బొమ్మ చూశాకే బేరం. అది ఒక్కోసారి భోజనాల వేళ దాకా సాగేది. మధ్యలో షాపువాడే టీ తెప్పించేవాడు.

1998 ప్రాంతం నుంచి 2010 దాకా, ఓ పుష్కర కాలం, మా వైపు ఊళ్లు సినిమాను ఇలాగే ఇంటికి తెచ్చుకున్నాయి. మా బాబాయికి టీవీలు, టేప్ రికార్డర్లు రిపేరు చేసే షాపు ఉండేది. కాలేజీ అయ్యాక సాయంత్రాలు నేనక్కడే గడిపేవాణ్ణి. ఎన్ని ప్లేయర్ల మూతలు విప్పడం చూశానో లెక్కలేదు. అలా చూసిన దాన్నిబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను: మన ఇళ్లలో బొమ్మ బాగుండటానికీ, ప్లేయర్‌కి పోసిన డబ్బుకీ ఉన్న సంబంధం చాలా తక్కువ. డబ్బు తేడా ఉన్నమాట నిజమే, కానీ ఆ తేడా జనం చూసినచోట ఉండేది కాదు.

ముందు వీసీడీ, అంటే వీడియో సీడీ, సంగతి. సోనీ, ఫిలిప్స్, మత్సుషితా, జేవీసీ కలిసి 1993లో దాని ప్రమాణాన్ని ఖాయం చేశాయి. పాటల సీడీ ఎంత డిస్కో అంతే డిస్కులో 74 నిమిషాల సినిమా ఇరికించాలి. అందుకని బొమ్మను 352 చుక్కల వెడల్పుకు, 288 వరసల ఎత్తుకు కుదించి, సెకనుకు 1.15 మెగాబిట్లలోకి నొక్కేశారు. మన సినిమా రెండున్నర గంటలు కాబట్టి రెండు డిస్కులు, నిడివి ఇంకాస్త ఎక్కువైతే మూడు. అమెరికాలో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చైనాలో హెఫీ నగరానికి చెందిన వాన్యాన్ సంస్థ 1993లోనే ఇంట్లో వాడే ప్లేయర్ తయారుచేసింది. ఆ తర్వాత అక్కడ ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ సరుకు చెన్నై బర్మా బజారు మీదుగా, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ మీదుగా మా ఊళ్లకు దిగింది. కొనలేనివాళ్లకు అద్దె ఉండేది. రాత్రికి ఒక ప్లేయరు, ఒక టీవీ, మూడు సినిమాలు, చుట్టగా చుట్టిన వైర్లు టీవీఎస్ ఫిఫ్టీ వెనక కట్టి పంపేవారు. శివరాత్రి వచ్చిందంటే షాపుల్లో అద్దె ప్లేయరు ఒక్కటి కూడా మిగిలేది కాదు. జాగరణ చేసే ప్రతి వీధికీ ఒకటి కావాలి. ఒక డిస్కు అయిపోయి ఇంకోటి వేసే సందులో ఆడవాళ్లు లోపలికి వెళ్లి స్టవ్ మీద టీ పెట్టేవాళ్లు, మగవాళ్లు అరుగు దిగి బీడీ వెలిగించేవాళ్లు, పిల్లలు టీవీ ముందు చోటు కోసం కొట్టుకునేవాళ్లు.

ఇక మూత కింద ఏముండేదంటే, ముందుభాగంలో డిస్కు తిప్పే చిన్న మోటారు, దాని పక్కన పట్టాల మీద జరిగే లెన్సు. వెనక అరచేతి వెడల్పు బోర్డు మీద ఒక పెద్ద చిప్పు, మూలన కరెంటు సప్లై. అంతే. బోర్డు మీద చిప్పు సాధారణంగా ఈఎస్ఎస్ వాళ్లది. లెన్సు సోనీ తయారు చేసిన కేఎస్ఎస్ 213 రకం, లేదా దానికి నకలు. ఒకరోజు బల్ల మీద రెండు ప్లేయర్లు పక్కపక్కనే విప్పి ఉన్నాయి. ఒకటి పేరున్న కంపెనీది, రెండోది పేరు కూడా సరిగా అచ్చుకాని చైనా పెట్టె, ధర మొదటిదాంట్లో మూడోవంతు. రెంటిలోనూ అదే చిప్పు, అదే లెన్సు. డిస్కు మీదున్న అంకెలను బొమ్మగా మార్చేది ఆ చిప్పే కనుక రెండూ చూపించే బొమ్మ కూడా ఒకటే. మరి మూడింతల డబ్బు ఎటు పోయిందంటే మందపాటి రేకులోకి, ముందు వెలిగే నీలం అంకెల్లోకి, రిమోట్‌లోకి, వారంటీ కార్డులోకి, పేపర్లో వేసే ప్రకటనలోకి. కరెంటు సప్లైలో కూడా కొంత ఉండేదని చెప్పాలి. మంచిదాంట్లో వడపోత బాగా ఉండేది. చవకదాంట్లో కెపాసిటర్లు రెండు వేసవులకే ఉబ్బిపోయేవి. అవి ఉబ్బితే బొమ్మ మీద పల్చటి అలలు, స్పీకర్లో సన్నటి జుమ్ముమనే మోత. కొత్త కెపాసిటర్లు పది ఇరవై రూపాయల్లో వచ్చేవి.

లెన్సు రిపేరు నేను విసుగు లేకుండా చూసిన పని. "స్టక్ అవుతోంది బాబాయ్, బొమ్మ ఆగి ఆగి వస్తోంది" అని ఎవరో పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టేవారు. బాబాయి మూత తీసి, దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి, కందిగింజంత లెన్సును నడిమధ్య నుంచి అంచుకు ఒక్కసారి తుడిచేవాడు. ఊది చూసేవాడు. అయినా ఆడకపోతే అసలు విద్య అప్పుడు బయటికొచ్చేది. లెన్సు కింద రాగి రంగు పల్చటి బోర్డు మీద గోరులో పట్టేంత ప్రీసెట్ ఒకటి ఉంటుంది. లేజరుకు వెళ్లే కరెంటును అదే అదుపు చేస్తుంది. గడియారాలు బాగుచేసే స్క్రూడ్రైవరు మొన దాని గాడిలో ఆనించి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి తిప్పేవాడు. లేజరు వెలుగు పెరిగి, అరిగిన డిస్కు కూడా చదివేది. మరీ తిప్పితే లేజరు కొన్నాళ్లకే మాడిపోతుంది. "కొత్త లెన్స్ వేయించుకోమంటావా బాబాయ్?" అని అడిగితే, "ఇప్పుడెందుకబ్బాయ్, శివరాత్రి దాకా లాగుతుందిలే, పంట డబ్బులొచ్చాక వేయించుకో" అనేవాడు. దుగ్గిరాల యార్డులో పసుపు ధర ఎలా ఉందో చూసి లెన్సు మార్చమని చెప్పాలా వద్దా అని తేల్చుకునే మెకానిక్ ఆయన. ఆయన మీద నాకున్న గౌరవం అక్కడ మొదలైంది.

ప్లేయర్ ఎంత మంచిదైనా దాని బొమ్మ టీవీలోకి వెళ్లేదారి ఇరుకు. అప్పటికి ఊళ్లలో డయనోరా, సాలిడైర్, మన ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో చాలావాటికి వెనక ఏవీ పిన్నులు లేవు, యాంటెన్నా రంధ్రం ఒక్కటే. అందులో దూర్చడానికి మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా కొనాలి. దాని గుండా వెళ్లేసరికి స్టీరియో పోయి మోనో అవుతుంది, రంగులు ఒకదాని మీదికి ఒకటి కారతాయి. ఏవీ పిన్నులున్న టీవీకి పసుపుపచ్చ వైరు. వెలుగునూ రంగునూ ఒకే తీగలో కలిపి పంపుతుంది కనుక సన్నటి చారల చీర కట్టిన హీరోయిన్ కనిపిస్తే చారల మీద ఇంద్రధనుస్సు రంగులు పాకేవి. వెలుగును, రంగును వేరుచేసే ఎస్-వీడియో, మూడు తీగల కాంపోనెంట్ వైరు డీవీడీ ప్లేయర్లకు వచ్చాయిగానీ వాటిని పట్టే టీవీలు పెద్ద ఇళ్లలోనే ఉండేవి. యాంటెన్నా రంధ్రంలోంచి బొమ్మ వచ్చే ఇంట్లో ఇరవై వేల ప్లేయర్, రెండు వేల ప్లేయర్ పక్కపక్కన పెట్టి కళ్లు చికిలించి చూసినా తేడా పట్టలేరు.

డీవీడీ జపాన్‌లో 1996 చివర్లో, అమెరికాలో 1997లో అమ్మకానికి వచ్చింది. మా వైపు ముందుగా గల్ఫ్ పెట్టెల్లో, అమెరికా సూట్‌కేసుల్లో దిగింది. ఖరీదైన ప్లేయర్ మీద జనానికి మొదటి కోపం అప్పుడే వచ్చింది. అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన ప్లేయర్ 110 వోల్టులది. తెలియక ప్లగ్గులో పెట్టి ఢామ్మనిపించినవాళ్లను చూశాను. కన్వర్టర్ పెట్టి బతికించుకున్నా, ఒక ప్రాంతం డిస్కును ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడనివ్వని రీజియన్ కోడ్ ఒకటి. అమెరికాది 1, గల్ఫ్‌ది 2, మనది 5. పైగా ఆ ప్లేయర్ పంపే అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ బొమ్మ మన పాత పాల్ టీవీలో నలుపు తెలుపుగా, పైకి పరిగెడుతూ వచ్చేది. అన్నిటికన్నా బాధ ఇంకోటి. సీడీ చదవడానికి 780 నానోమీటర్ల లేజరు కావాలి, డీవీడీకి 650. ఒక్క 650 లేజరే ఉన్న తొలినాటి ప్లేయర్లు కంపెనీలో అచ్చొత్తిన సీడీని చదివేవిగానీ, కంప్యూటర్లో రాసిన సీడీని చదవలేకపోయేవి. ఆ సీడీ మీది రంగుపూత ఆ వెలుగును తిప్పి పంపదు. మా ఊళ్లో పెళ్లి వీడియోలూ, పాటల కలెక్షన్లూ అన్నీ రాసిన సీడీలే. అంటే పాతిక వేల ప్లేయర్ సొంత కూతురి పెళ్లి చూపించదు, రెండు వేల చైనా పెట్టె చూపిస్తుంది. దాని రిమోట్ మీద పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చే బొత్తాం కూడా ఉండేది. ఎంపీత్రీ ఆడేది, తర్వాత డివెక్స్ ఆడేది.

ఇది మనకే పరిమితమైన ముచ్చట కాదు. అమెరికాలో 2000లో ఏపెక్స్ ఏడీ-600ఏ అనే చవక ప్లేయర్ వచ్చింది. అందులో దాగిన ఒక మెనూ తెరిస్తే రీజియన్ అడ్డు తొలగిపోయేది. వీసీడీలు, ఎంపీత్రీలు ఆడేది. ఇండియా నుంచి సీడీలు మోసుకెళ్లిన మనవాళ్లకు అది ఎంత ఉపయోగపడిందో వాళ్ల నోటే విన్నాను. మరుసటి ఏడాది అక్కడి సమీక్షకులు ఇంకో సంగతి తేల్చారు. చాలా ప్లేయర్లలో, వాటిలో ఖరీదైనవి కూడా ఉన్నాయి, ఎర్రటి వస్తువుల అంచుల్లో అడ్డగీతలు పడుతున్నాయి. లోపం రంగులను పెద్దవిచేసే లెక్కలో ఉంది, ఆ లెక్క చేసేది లోపలి చిప్పు. పైన పెట్టిన రేకు ఎంత మందమైతేనేం!

అయితే డిస్కు విషయంలో మాత్రం డబ్బుకు తగ్గ ఫలితం ఉంది, ఇక్కడే మన జనం పొదుపు చేశారు. అచ్చమైన డీవీడీ ఒక్క సినిమాకు రెండు పొరల్లో 8.5 గిగాబైట్లు ఇస్తుంది. రెండున్నర గంటల సినిమాకు సెకనుకు దాదాపు 7.5 మెగాబిట్లు దక్కుతాయి. బజార్లో అమ్మిన త్రీ ఇన్ వన్ డిస్కు సంగతి లెక్క వేయండి. ఒకే పొర, 4.7 గిగాబైట్లు, మూడు సినిమాలు కలిపి ఏడున్నర గంటలు. సెకనుకు వచ్చేది 1.4 మెగాబిట్లు. వీసీడీలో బొమ్మకు 1.15, శబ్దానికి 0.224 కలిపితే దాదాపు అంతే. పైగా డీవీడీలో ఆ కాసిని బిట్లనే 720 చుక్కల వెడల్పున, 576 వరసల ఎత్తున పరవాలి. సోలెడు బియ్యం వండి ఊరందరికీ విస్తళ్లు వేసినట్టు. డీవీడీ అని చెప్పి వీసీడీ చూసిన ఇళ్లు ఎన్నో. వాళ్లు ప్లేయర్‌ను తిట్టుకుంటూ మార్చుకునేవారు. మార్చాల్సింది డిస్కు.

డిస్కుతో వచ్చే ఈ తేడాను నేను 'మాయాబజార్'లో చూశాను. 1957 నాటి ఆ సినిమాలో మార్కస్ బార్ట్లే పట్టిన నౌకావిహారం పాటలోని వెన్నెల తెలుగువాడు ఎన్నటికీ మరవలేనిది. వీసీడీలో ఆ నీళ్లు మూడు నాలుగు బూడిదరంగు పట్టీలు. వాటి మీద చతురస్రాలు చతురస్రాలుగా ఏదో మెదిలేది. అది నీటి మీది వెలుగని మనకు ముందే తెలుసు కాబట్టి అలా అనుకునేవాళ్లం. అదే చవక ప్లేయర్లో, అదే టీవీలో అచ్చమైన డీవీడీ వేస్తే నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్ని ఛాయలున్నాయో అన్నీ వచ్చాయి. అల అంచున మెరుపు, ముఖం మీద వెలుగు వేరువేరుగా తెలిశాయి. షాపులో ఉన్నవాళ్లంతా పని ఆపి చూశారు. బాబాయి సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టేసి, పాట అయ్యేదాకా మాట్లాడలేదు.

శబ్దం దగ్గర కథ వేరు. ఇక్కడ ప్లేయర్ కన్నా యాంప్లిఫైయరూ స్పీకర్లూ ముఖ్యం, వాటికి డబ్బు పెడితే నిజంగా వినిపిస్తుంది. కానీ జనం అట్ట మీద అచ్చేసిన వాట్లు చూసి కొనేవాళ్లు. వెయ్యి వాట్లు పీఎంపీఓ అని ఉండేది. ఆ పీఎంపీఓకు ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచినంత వాళ్లు వేసుకోవచ్చు. ఆ అట్టపెట్టెలో చాలాసార్లు ఉండేది 4440 ఐసీ. రెండు ఛానళ్లకూ చెరి 6 వాట్లు, రెంటినీ కలిపి కడితే 19. నిక్కమైన శక్తి అంతే. ఈ సంగతి తెలిసిన కుర్రాళ్లు కోఠీలో విడి బోర్డులు కొని, చెక్కపెట్టె వడ్రంగితో చేయించుకుని, సొంతంగా బిగించుకునేవారు. పెట్టెకు డబ్బుల్లేనివాళ్లు కుమ్మరి దగ్గర కుండ తెచ్చి దాని మూతికి స్పీకర్ బిగించేవారు. కుండలో బేస్ గుమ్మని పలికేది, నిజంగానే బాగుండేది. వెనక ఆరు పిన్నులుండి 5.1 అని రాసున్న ప్లేయర్ కొన్నవాళ్లు ఆరు స్పీకర్లలో ఆరు రకాల శబ్దం ఆశించేవాళ్లు. వీసీడీలో ఉన్నది రెండు ఛానళ్లే. 1980లో వచ్చిన 'శంకరాభరణం' శబ్దం మోనో. దాన్ని ఆరు స్పీకర్లకు పంచితే మృదంగం గదంతా చిందరవందర అవుతుంది. ముందున్న రెండు మంచి స్పీకర్లలో వింటే బాలుగారి గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు నిలుస్తుంది. రెండే కొనండి, మంచివి కొనండి అని బాబాయి చెప్పేవాడు. వినేవాళ్లు తక్కువ.

చైనా ప్లేయర్ల ముందుభాగంలో రెండు మైకు రంధ్రాలు ఉండేవి. చైనాలో కరవోకే కోసం పెట్టినవి. మా ఊళ్లలో అవి రామాలయాలకు పనికొచ్చాయి. కార్తీకమాసం భజనలకూ అయ్యప్ప పడిపూజలకూ ప్లేయరే యాంప్లిఫైయర్ ముందు మిక్సరై కూర్చునేది. ఎకో బొత్తాం కాస్త తిప్పితే పూజారిగారికి ఎంత సంబరమో.

2007లో మోజర్ బేర్ కంపెనీ అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు బజార్లో పెట్టింది. దొంగ డిస్కు ధరకే అచ్చమైన డిస్కు. నా లెక్కలో ఆ కాలానికి జరిగిన అతిపెద్ద మేలు అది. పాత తెలుగు సినిమాలు కిరాణా కొట్లలో, బస్టాండు పుస్తకాల షాపుల్లో వేలాడాయి. బొమ్మ అసలు బాగుపడాల్సిన చోట, అంటే డిస్కులో, చవకగా బాగుపడే దారి దొరికింది. ఆ దారి ఎక్కువకాలం నిలవలేదు. ప్లేయర్లకు యూఎస్‌బీ రంధ్రం వచ్చింది, పెన్‌డ్రైవ్ వచ్చింది, డిస్కు ట్రే మూసుకుపోయింది. మోజర్ బేర్ 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌లోకి వెళ్లింది.

ఖరీదైన ప్లేయర్ల గురించి నా అనుమానం తీర్చిన సంగతి 2010 జనవరిలో బయటికొచ్చింది. అమెరికాలో లెక్సికాన్ సంస్థ 3500 డాలర్లకు అమ్ముతున్న బీడీ-30 బ్లూ-రే ప్లేయర్‌ను ఒక ఆడియో పత్రికవాళ్లు విప్పి చూశారు. లోపల ఓపో కంపెనీ 499 డాలర్లకు అమ్మే బీడీపీ-83 ప్లేయర్ తన సొంత అడుగురేకుతో సహా ఉంది. చుట్టూ కొత్త తొడుగు వేశారు, అంతే. ఆ 499 డాలర్ల ప్లేయర్ తన తరగతిలో మేటి అని అందరూ మెచ్చుకున్నదే. ఆ వార్త చదివి బాబాయికి చెబితే ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు. "మన బల్ల మీద మనం చూడలా అబ్బాయ్" అన్నాడు.

ఇప్పుడా బల్ల మీద సెల్‌ఫోన్లు విప్పుతున్నారు. ఫోన్లో సినిమా వేస్తే నెట్టు వేగాన్నిబట్టి బొమ్మ తనంతట తానే పల్చబడుతుంది, మళ్లీ చిక్కబడుతుంది. దాన్ని పట్టిచూసే తీరిక ఎవరికీ లేదు. పొగలో గళ్లు వెతికే ఆ చూపు, సీడీ సంచిలో వేసుకుని షాపుకొచ్చే ఆ పట్టుదల ఉన్న మనుషులు మాత్రం ఇంకా ఉన్నారు. వాళ్ల బీరువాల్లో డిస్కులు కూడా ఉన్నాయి. 2000 నుంచి 2012 మధ్య మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. వాటిని తీసి కంప్యూటర్లోకి ఎక్కించుకోమని కనిపించిన ప్రతివారికీ చెబుతున్నాను. ఆ పనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మామూలు డీవీడీ రైటర్ చాలు, డిస్కు తిన్నగా చదివితే అంకెలు ఎందులోనైనా ఒక్కటే. ముందు సీడీలు ఎక్కించండి, డీవీడీలు తర్వాత. సీడీలో సమాచారం మెరిసేవైపు కాదు, పేరు రాసేవైపు పల్చటి లక్క కిందే ఉంటుంది. పెళ్లివాళ్ల పేర్లతో అంటించిన స్టిక్కర్ ఊడదీస్తే దాంతోపాటే వచ్చేస్తుంది. డీవీడీలో రెండు పలకల మధ్య ఉంటుంది కనుక ఇంకొంచెం ఓర్చుకుంటుంది. స్టిక్కర్‌ను గీకకండి, ఉన్నది ఉన్నట్టే ట్రేలో పెట్టండి.